గేటు తీసిందెవరు? కారు నడిపిందెవరు?

మన సినిమా టైటిల్స్‌లో పిల్లల పేర్ల ముందు ‘బేబీ’ అనో, ‘మాస్టర్’ అనో వేయడం ఎప్పట్నించో ఉన్న ఆనవాయితీ. ‘బేబీ శ్రీదేవి’ అని తెరమీద పడ్డ పేరు, కొన్నేళ్లకి ఉత్త ‘శ్రీదేవి’ అయింది. కథానాయిక అయింది. దేశమంతటికీ తెలిసిన పేరయింది. కానీ అందరికీ ఆ యోగం పట్టదు కదా! ముందున్న ‘బేబీ’ ఊడిపోయాక వెనకాల ఏమీ మిగలని పిల్లలూ ఉంటారు. చప్పట్లు ఆగిపోయాక వాళ్లేమవుతారు? వాళ్ల ఇళ్లేమవుతాయి?

ఈ ప్రశ్ననే పేరుగా పెట్టుకున్న అమెరికన్ చిత్రం ఒకటుంది. ‘వాటెవర్ హ్యాపెన్డ్ టు బేబీ జేన్?’ బేబీ జేన్ ఏమైంది? అని. 1962లో విడుదలైన తెలుపు-నలుపు చిత్రం. హెన్రీ ఫారెల్ 1960లో రాసిన నవల దీనికి ఆధారం. దర్శకుడు రాబర్ట్ ఆల్డ్రిచ్. తర్వాత 1967లో ‘ది డర్టీ డజన్’ తీసి కుర్రకారుతో ఈలలు వేయించిన ఆల్డ్రిచ్చే. అక్కచెల్లెళ్లుగా నటించింది హాలీవుడ్‌లో ఒకప్పుడు మహారాణుల్లా వెలిగిన బెట్టీ డేవిస్, జోన్ క్రాఫోర్డ్.

చాలామంది దీన్ని భయానక చిత్రాల జాబితాలో వేస్తారు. భయపడే ఘట్టాలున్న మాట నిజమే. కానీ దెయ్యం లేదు, భూతం లేదు, పాడుబడ్డ కోట లేదు. ఉన్నదల్లా లాస్ ఏంజెలెస్‌లో ఒక మామూలు వీధి, ఆ వీధిలో ఒక పాత మేడ, ఆ మేడలో ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల మధ్య ఒక అబద్ధం. నన్నడిగితే దెయ్యం కంటే ఆ అబద్ధమే ఎక్కువ భయపెడుతుంది. ఈ వారం ఆ అబద్ధం సంగతే మాట్లాడుకుందాం.

కథ 1917లో మొదలవుతుంది. జేన్ హడ్సన్ ఒక చిన్నపిల్ల. రంగస్థలం మీద ఆడుతుంది, పాడుతుంది. స్వర్గంలో ఉన్న నాన్నకి ఉత్తరం రాసే పాట ఆమె పేటెంటు పాట. తమాషా ఏమిటంటే, నాన్నగారు నిక్షేపంలా బతికే ఉన్నారు, అదే స్టేజీ మీద ఉన్నారు, కూతురి పాటని అమ్ముకుంటున్నారు! థియేటర్ బయట అచ్చు జేన్ లాంటి బొమ్మలు అమ్మకానికి పెట్టారు. ఇంటిల్లిపాదీ ఆ పిల్ల సంపాదన మీదే బతుకుతున్నారు. అందుకే ఆ పిల్ల ఏం చేసినా చెల్లుతుంది. ఐస్‌క్రీమ్ కోసం జనమందరి ముందూ రాద్ధాంతం చేస్తే, నాన్న కొనిపెట్టాల్సిందే.

ఒక పక్కగా ఇంకో కూతురు నిలబడి ఉంటుంది. పేరు బ్లాంచ్. ఆమెని ఎవరూ చూడరు. అమ్మ మాత్రం దగ్గరికి తీసుకుని ఒక మాట చెబుతుంది: ఎప్పుడో ఒకనాడు నీ రోజు వస్తుంది, అప్పుడు వీళ్లిద్దర్నీ వీళ్లు నిన్ను చూసినదానికంటే బాగా చూడు అని. బ్లాంచ్ పళ్లు బిగించి, మర్చిపోనంటుంది. అమ్మ అడిగింది మంచితనం. పిల్ల గుర్తుపెట్టుకున్నది మాత్రం అవమానం. సినిమా మొత్తానికి విత్తనం ఈ అరనిమిషంలో పడిపోయింది.

1935 వచ్చేసరికి బండి తలకిందులయింది. బ్లాంచ్ ఇప్పుడు పెద్ద సినిమా తార. జేన్‌కి నటన రాదు, మందు అలవాటయింది. అయినా బ్లాంచ్ స్టూడియోతో రాసుకున్న ఒప్పందంలో ఒక షరతు పెట్టింది. నాతో ఒక సినిమా తీస్తే జేన్‌తోనూ ఒకటి తీయాలి! అమ్మకిచ్చిన మాట నిలబెట్టుకుందన్నమాట. పైకి చూస్తే ఎంత మంచి తోబుట్టువు!

ఆ రాత్రే ప్రమాదం. పార్టీ నుంచి ఇద్దరూ కారులో ఇంటికొస్తారు. ఒకరు దిగి గేటు తీస్తున్నారు. ఒకరు చక్రం దగ్గరున్నారు. ముఖాలు కనపడవు. ఒక కాలు పెడల్ మీద పడుతుంది. కారు ముందుకి దూకుతుంది. ఒక కేక. నేలమీద తల పగిలిన బేబీ జేన్ బొమ్మ. అంతే, టైటిల్స్!

ఆ తర్వాత ‘నిన్న’ అని తెరమీద పడుతుంది. పాతికేళ్లు పైగా గడిచిపోయాయి. బ్లాంచ్‌కి నడుము కింద చచ్చుబడింది. మేడమీద గదిలో చక్రాల కుర్చీకి అంకితం. జేన్ ముసలిదైపోయింది, కానీ ఉంగరాల జుట్టు, పిల్లల గౌను, ముఖాన సున్నం కొట్టినట్టు పౌడరు. వండి పెట్టేది, మెట్లెక్కి పళ్లెం అందించేది ఆమే. ఊరంతా చెప్పుకునే మాట ఒకటే: తాగిన మైకంలో జేనే కారుతో గుద్దింది, స్టూడియోవాళ్లు ఆ సంగతి తొక్కిపెట్టారు. పక్కింటివాళ్లు అదే అంటారు. జేన్ కూడా అదే నమ్ముతుంది. ఆమెకి ఆ రాత్రి ఏమీ గుర్తులేదు మరి!

ఇక అక్కణ్నించి జరిగేది చూడ్డానికి గుండె దిటవు కావాలి. ఇల్లు అమ్మేసి తనని ఎక్కడో చేర్పించాలని బ్లాంచ్ ఆలోచిస్తోందని జేన్‌కి తెలుస్తుంది. పళ్లెం మీద మూత తీస్తే బ్లాంచ్ ముద్దుగా పెంచుకున్న చిలక! మరోసారి మూత తీస్తే ఎలుక! టెలిఫోన్ తీగె తెగుతుంది. కిటికీలోంచి పక్కింటికి విసిరిన చీటీ జేన్ చేతిలోనే పడుతుంది. బ్లాంచ్ కంఠాన్ని అనుకరించి జేన్ బయటివాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతుంది, బ్లాంచ్ సంతకం పెట్టి చెక్కులు రాస్తుంది. ఇంట్లో పనిచేసే ఎల్విరా ఒక్కతే ఏదో జరుగుతోందని పసిగడుతుంది. తలుపు తీసి చూసినందుకు ఆమె ప్రాణమే పోతుంది. మరోపక్క జేన్ పేపర్లో ప్రకటన ఇచ్చి ఒక పియానో వాద్యగాణ్ని పిలిపించుకుంటుంది. మళ్లీ స్టేజీ ఎక్కుతుందట!

ఇక్కడ ఒక మాట. ఈ సినిమా చూడనివాళ్లు, చూద్దామనుకునేవాళ్లు ఈ పేజీ ఇక్కడే మడిచి పక్కన పెట్టండి. సినిమా చూసి వచ్చి మిగతాది చదవండి. పేజీ ఎక్కడికీ పోదు. ఎందుకంటే ఇప్పుడు గుట్టు విప్పబోతున్నాను.

చివరికి గుట్టు బయటపడే స్థితి వచ్చి, జేన్ బ్లాంచ్‌ని సముద్రపు ఒడ్డుకి తీసుకుపోతుంది. చుట్టూ జనం. పిల్లలు ఆడుకుంటున్నారు. ఇసకలో కొనఊపిరితో పడుకుని బ్లాంచ్ నోరు విప్పుతుంది. ఆ రాత్రి కారు నడిపింది జేన్ కాదు. బ్లాంచ్! పార్టీలో జేన్ తనని అందరి ముందూ వెక్కిరించిందని కడుపు మండి, గేటు తీయడానికి దిగిన తోబుట్టువుని కారుతో తొక్కించబోయింది. జేన్ పక్కకి తప్పుకుంది. కారు గేటుకి కొట్టుకుంది. నడుము విరిగింది బ్లాంచ్‌కే. నెప్పితోనే కారులోంచి బయటికి పాకింది. చూసినవాళ్లు జేనే చేసిందనుకున్నారు. బ్లాంచ్ కాదనలేదు. పాతికేళ్లు కాదనలేదు!

అది విన్న జేన్ కోపం తెచ్చుకోదు. ఏడవదు. ఆశ్చర్యంగా అంటుంది, అయితే ఇన్నాళ్లూ మనం స్నేహంగా ఉండి ఉండొచ్చన్నమాట అని. నాకు తెలిసి సినిమాల్లో ఇంత మెల్లిగా చెప్పిన ఇంత పెద్ద విషాదం అరుదు.

మన పెద్దలు ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్నారు. విభీషణుడు గుట్టు విప్పాడు, లంక కూలింది. ఆ సామెత చెప్పేది గుట్టు బయటపెడితే చేటు అని. ఈ చిత్రం అదే సామెతని తిరగేసి చూపిస్తుంది. ఇక్కడ లంక కూలింది గుట్టు విప్పినందుకు కాదు, దాచినందుకు. మొదటి రోజునే బ్లాంచ్ నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? పోలీసులు, కోర్టు, పత్రికల్లో పేరు. తార పదవి పోయేది. అయితే కాళ్లతోపాటు ఆ పదవి ఎలాగూ పోయింది! నిజం దాచినందుకు ఆమెకి మిగిలిన లాభం ఒక్కటే. జీవితాంతం తనకి చాకిరీ చేసే, అపరాధ భావంతో తల వంచుకుని ఉండే ఒక మనిషి. చిన్నప్పుడు తనని నీడలో నిలబెట్టిన మనిషి.

ఇలా చూస్తే బ్లాంచ్ మంచితనమంతా వేరే రంగులో కనిపిస్తుంది. ఆమె ఎప్పుడూ గొంతు పెంచదు. జేన్ గురించి ఎవరైనా చెడుగా అంటే వెనకేసుకొస్తుంది. ఓర్పుకి బొమ్మ గీస్తే అచ్చం ఇలాగే ఉంటుందనిపిస్తుంది. కానీ ఆ ఓర్పు అప్పు తీర్చుకోవడం. తనకి తెలుసు జేన్ ఏమీ చేయలేదని. తెలిసీ క్షమిస్తున్నట్టు ఉంటుంది! చేయని తప్పుకి క్షమాపణ పొందుతూ బతకడం కంటే పెద్ద శిక్ష ఏముంటుంది చెప్పండి?

అలాగని జేన్‌ని నిర్దోషిని చేయడానికి నేను సిద్ధంగా లేను. ఆమె చిలకని చంపింది. చచ్చుబడ్డ మనిషిని తన్నింది. ఎల్విరాని సుత్తితో కొట్టింది. ఆ పాపం ఏ గుట్టు విప్పినా కడుక్కుపోదు. ఈ సినిమా గొప్పతనం అక్కడే ఉంది. ఒకరు దేవత, ఒకరు రాక్షసి అని మొదట అనిపిస్తుంది. చివర్లో ఆ లెక్క తారుమారవుతుందేమోనని చూస్తాం. తారుమారు కాదు. ఇద్దరూ మనుషులే, ఇద్దరూ చెడిపోయారు. ఒకరు అబద్ధం చెప్పి చెడిపోయారు, ఒకరు దాన్ని నమ్మి చెడిపోయారు. ‘నువ్వు చెడ్డదానివి’ అని పాతికేళ్లు లోకమంతా అంటూ ఉంటే, మనిషి చివరికి ఆ మాటకి తగ్గట్టే తయారవుతుంది.

ఇప్పుడు అసలు తమాషా. ఈ సినిమా రెండోసారి చూసేటప్పుడు ఆ గేటు ఘట్టాన్ని జాగ్రత్తగా గమనించండి. ఆల్డ్రిచ్ ఎక్కడా అబద్ధం చెప్పలేదు. జేన్ ముఖం చక్రం దగ్గర చూపించలేదు. బ్లాంచ్ ముఖం గేటు దగ్గర చూపించలేదు. చూపించింది ఒక కాలు, ఒక చెయ్యి, ఒక వీపు, కారు దీపాలు. అంతకుముందే స్టూడియోలో ఒక పెద్ద కారుని చూపించి, అది బ్లాంచ్‌దని చెప్పనే చెప్పాడు! అయినా హాల్లో కూర్చున్నవాళ్లు కారు నడిపింది జేనే అని తేల్చేస్తారు. ఎందుకు? జేన్ పొగరుబోతు పిల్ల కాబట్టి. ఐస్‌క్రీమ్ కోసం గోల చేసింది కాబట్టి. తాగుతుంది కాబట్టి. సాక్ష్యం ఏదీ? లేదు. ఊళ్లోవాళ్లు చేసిన పనే ప్రేక్షకులూ చేస్తారు. దర్శకుడు మనల్ని కూడా ఆ ఇంటి పక్కింటివాళ్లని చేసేశాడన్నమాట. ‘లోకులు పలుగాకులు’ అంటారే, ఆ కాకుల్లో టిక్కెట్టు కొనుక్కుని వచ్చి కూర్చున్న కాకులం మనం!

నటన సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. బెట్టీ డేవిస్‌కి అప్పటికి 54 ఏళ్లు. అంతకుముందు రెండు ఆస్కార్లు అందుకుంది, ‘డేంజరస్’ (1935), ‘జెజెబెల్’ (1938) చిత్రాలకి. క్రాఫోర్డ్‌కి ‘మిల్డ్రెడ్ పియర్స్’ (1945)తో ఒకటి వచ్చింది. ఆ వయసు తారలకి హాలీవుడ్‌లో అమ్మ వేషాలే గగనం. జేన్ ముఖాన ఆ పౌడరు పూత డేవిస్ సొంత ఆలోచన. జేన్ ముఖం కడుక్కోదని, పాత పూత మీదే కొత్త పూత వేసుకుంటుందని ఆమె ఊహించుకుంది. ఏ కథానాయిక ఒప్పుకుంటుంది చెప్పండి, తెరంత క్లోజప్‌లో అలా కనపడటానికి? జేన్ అద్దం ముందు చిన్నప్పటి పాట పాడి, వెలుగులో తన ముఖం తానే చూసుకుని కేక వేసే ఘట్టం ఒక్కటి చాలు. ఆ కేకలో నటి లేదు, వయసు ఉంది.

ఛాయాగ్రాహకుడు ఎర్నెస్ట్ హాలర్. ఇక్కడొక ముచ్చట. ‘జెజెబెల్’లో డేవిస్‌నీ, ‘మిల్డ్రెడ్ పియర్స్’లో క్రాఫోర్డ్‌నీ అందంగా చూపించింది కూడా ఈ హాలరే! అప్పుడు ముడతలు కనపడకుండా దీపాలు పెట్టిన మనిషే, ఇప్పుడు ఒక్క ముడత కూడా దాక్కోకుండా దీపాలు పెట్టాడు. ఇంకో ముచ్చట. 1935 భాగంలో స్టూడియోవాళ్లు జేన్ నటన బాగాలేదని ఎగతాళి చేస్తూ చూసే ముక్కలు, నిజంగా డేవిస్ 1933లో నటించిన చిత్రాల్లోవి. టీవీలో బ్లాంచ్ మురిసిపోతూ చూసుకునే పాత సినిమా క్రాఫోర్డ్ 1934లో నటించిన ‘శాడీ మెక్కీ’. తమ పాత ముఖాలని ఇద్దరూ ఈ కథకి అప్పిచ్చారు.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. అయిదు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. దుస్తుల రూపకల్పనకి నార్మా కోచ్‌కి అవార్డు దక్కింది. ఉత్తమ నటి పోటీలో డేవిస్ ఉంది, క్రాఫోర్డ్ లేదు. 1963 ఏప్రిల్‌లో వేడుక. గెలిచింది ‘ది మిరకిల్ వర్కర్’లో నటించిన ఆన్ బాన్‌క్రాఫ్ట్. ఆమె రాలేకపోయింది. ఆమె తరపున స్టేజీ ఎక్కి ఆస్కార్ అందుకున్నదెవరనుకున్నారు? జోన్ క్రాఫోర్డ్! వేదిక పక్కన నిలబడ్డ డేవిస్ పక్కనించే వెళ్లి అందుకుంది. ఇద్దరికీ పడదన్న కబుర్లు అప్పటికే ఊరంతా మారుమోగుతున్నాయి. ఆ పోరు మీద 2017లో ‘ఫ్యూడ్’ అని టీవీ సీరియలే వచ్చింది.

ఇంతటితో అయిపోలేదు. ఈ సినిమాలో పక్కింటి అమ్మాయిగా వేసిన బి.డి. మెరిల్ డేవిస్ కన్నకూతురు. 1985లో, తల్లి బతికుండగానే, తల్లిని తీవ్రంగా విమర్శిస్తూ ఒక పుస్తకం రాసింది. అంతకు ముందే 1978లో, క్రాఫోర్డ్ చనిపోయిన మరుసటి ఏడాది, ఆమె పెంపుడు కూతురు క్రిస్టినా ‘మామీ డియరెస్ట్’ రాసి, తల్లి తనని హింసించిందని ప్రకటించింది. అది 1981లో సినిమా కూడా అయింది. అదే ఇంట్లో పెరిగిన ఇంకో కూతురు మాత్రం మా అమ్మ అలాంటిది కాదంది. డేవిస్ 1987లో తన పుస్తకంలో కూతురికి జవాబిచ్చింది. తెరమీద ఇంటిగుట్టు ఆడిన ఇద్దరి ఇళ్ల గుట్టూ చివరికి బజారున పడింది.

ఎవరి మాట నిజం? ఆ గుమ్మాల లోపల మనం లేం. పుస్తకం రాసిన కూతురి బాధని కొట్టిపారేసే హక్కు మనకి లేదు. కాదన్న కూతుర్ని అబద్ధాలకోరు అనే హక్కూ లేదు. కారు నడిపిందెవరో చూడకుండా తీర్పు చెప్పకూడదని నేర్పిన సినిమా గురించి రాస్తూ, ఆ నటీమణుల మీద తీర్పు చెబితే నేను సినిమా చూసి ఏం లాభం? తారల కబుర్లు ఇష్టంగా చదివే మీకూ, ఇష్టంగా రాసే మాబోటివాళ్లకీ ఇది చెల్లే మాటే.

కుర్రవాళ్లకి ఈ సినిమా ఎందుకు చూడమంటున్నానంటే, చక్రాల కుర్చీలు, సుత్తులు లేకపోయినా మన ఇళ్లలో కూడా బేబీ జేన్‌లు ఉంటారు. ‘వీడు మొండి’, ‘అది రాకాసి’, ‘ఇంట్లో ఏం పగిలినా వీడి పనే’ అని ఒక బిడ్డకి చిన్నప్పుడే బిళ్ల తగిలిస్తారు. ఇంకో బిడ్డకి ‘బంగారుకొండ’ అని బిళ్ల. నిజంగా గాజుగ్లాసు పగలగొట్టింది బంగారుకొండే అయినా, తిట్లు మాత్రం మొండివాడికి! బంగారుకొండ నోరు విప్పదు. మొదటి రోజు భయం చేత, రెండో రోజు సిగ్గు చేత, తర్వాత అలవాటు చేత. గ్లాసు కాబట్టి సరిపోయింది. పెద్దయ్యాక అది ఆస్తి తగాదా కావచ్చు, తెగిపోయిన పెళ్లి కావచ్చు, పదేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు కావచ్చు. మీలో ఎవరైనా బంగారుకొండలుంటే, చెప్పాల్సిన మాట ఏదైనా గొంతులో ఉంటే, సముద్రపు ఒడ్డు దాకా ఆగకండి. బ్లాంచ్ నిజం చెప్పింది. కానీ ఆ నిజంతో ఏమైనా చేసుకోవడానికి ఇద్దరికీ టైము మిగల్లేదు.

చివరి ఘట్టంలో జేన్ ఇద్దరికీ రెండు ఐస్‌క్రీములు కొనుక్కొస్తుంది. 1917లో ఒకర్తే కొనిపించుకుంది, ఇప్పుడు ఇద్దరికి. దారిలో పోలీసులు పలకరిస్తారు. చుట్టూ జనం మూగుతారు. ఇంతమంది తనని చూస్తున్నారని జేన్ ముఖం వికసిస్తుంది. ఇసకలో నాట్యం మొదలెడుతుంది. బ్లాంచ్ అవతల కదలకుండా పడి ఉంటుంది. ఉందో పోయిందో ఆల్డ్రిచ్ చెప్పడు.

2021లో ఈ చిత్రాన్ని అమెరికా వాళ్ల జాతీయ చలనచిత్ర భాండారంలో చేర్చారు. మీరు చూసేటప్పుడు ఇంట్లో అక్కనో, తమ్ముణ్నో పక్కన కూర్చోబెట్టుకోండి. కారు గేటు ముందు ఆగగానే మాత్రం కాఫీ కోసం లేవకండి. కళ్లు తెర మీదే ఉంచండి. దిగిందెవరో, ఉండిపోయిందెవరో మీరే చూడండి.

వచ్చేవారం మరో చిత్రంతో కలుద్దాం.